చైను కూత

మా ఇంటి బండికి వెనక సీటు నాది. తొంభైల మధ్యలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎర్ర బండి అది. నాకు నడపడం రాదు. నేర్చుకుంటానంటే మా ఆయన నవ్వి ఊరుకునేవారు. అయినా ఆ బండి మంచిచెడ్డలు నాకు తెలిసినంతగా మా వీధిలో బండ్లు నడిపే మగవాళ్ళెవరికీ తెలియవని ఇప్పటికీ గొప్ప చెప్పుకుంటాను. ముందు కూర్చున్న మనిషికి ఇంజను వినపడుతుంది, చెవుల్లో గాలి వినపడుతుంది. ఎడమ పక్కకి కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న ఆడదానికి మాత్రం చైను సరిగ్గా మడమల పక్కనే తిరుగుతూ ఉంటుంది. అది సుఖంగా ఉందో బాధపడుతోందో మొదట తెలిసేది ఆవిడకే.

నేను మిషను స్కూల్లో టీచర్ని. ఆయన నిడదవోలు దగ్గర కాలవ గట్టు మీదున్న ఒక రైసు మిల్లులో డ్రైవరు. డ్రైవరంటే లారీ నడిపే మనిషనుకునేరు. మిల్లు మొత్తాన్ని నడిపించే మనిషిని మావైపు అలాగే పిలుస్తారు. ధాన్యం గోతిలో పడ్డప్పటి నుంచి బియ్యం బస్తాలోకి దిగేదాకా ఎన్నో చక్రాలు, బెల్టులు, బేరింగులు. వాటి బాగోగులన్నీ ఆయన చెవితోనే కనిపెట్టేవారు. బేరింగు ఎండిపోతే ముందు సన్నగా కూస్తుందట. ఆ కూత పట్టుకోకపోతే అది కాలిపోయి, తవుడు దుమ్ముకి నిప్పంటుకున్నా అంటుకుంటుందట. ఓనరుగారు ఎవరైనా చుట్టాలొస్తే ఆయన్ని చూపించి, "మా మిల్లుకి చెవి ఇతనేనండి" అనేవారు. ఆ మాట అనిపించుకున్న రోజు మా ఆయన ఇంటికొచ్చి ఇంకొంచెం అన్నం ఎక్కువ తినేవారు.

మిల్లు దుమ్ము బండి చైనుకి పెద్ద శత్రువు. చైనుకి ఆయిలు వేస్తే ఆ జిడ్డుకి తవుడు పట్టి పిండిముద్దలా తయారవుతుంది. పైన రేకు కవరు ఉంటుంది కాబట్టి బయటికి కనపడదు. అందుకని ఆయన రెండు మూడు వారాలకోసారి ఆదివారం చర్చి నుంచి రాగానే షర్టు విప్పి బండి ముందు కూర్చునేవారు. కిరసనాయిలులో ముంచిన పాత బ్రష్షుతో చైను కడిగి, గుడ్డతో తుడిచి, పల్చగా ఆయిలు రాసేవారు. ఆ తర్వాత నన్ను పిలిచేవారు.

"టీచరుగారూ, ఒకసారి ఎక్కండి."

బండిని అరుగుకి ఆనించి పెడితే నేను చర్చికి కట్టుకెళ్ళిన పట్టుచీరతోనే ఎక్కి కూర్చునేదాన్ని. చైను కవరుకి కింద చిన్న రబ్బరు మూత ఉంటుంది. అది ఊడదీసి, ఆ కంతలోంచి వేలు పెట్టి చైనుని పైకీ కిందికీ ఆడించి చూసేవారు. నన్ను దిగమని బండిని కాస్త ముందుకి జరిపి మళ్ళీ ఎక్కమనేవారు. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. చర్చి నుంచి వస్తున్న జనమంతా చూసి నవ్వుకుంటూ పోయేవారు. ఎదురింటావిడ ఒకసారి అడగనే అడిగింది, "ఏంటండి, బండి మీద ఫొటో దిగుతున్నారా" అని.

నాకు చిర్రెత్తుకొచ్చి ఇదంతా ఎందుకని నిలదీస్తే ఆయన ఓపిగ్గా చెప్పారు. స్టాండు మీద సరిపోయినట్టు కనపడే చైను మనిషెక్కేసరికి బిగిసిపోతుంది. బరువుకి బండి కుంగి వెనక చక్రం పైకి జరుగుతుంది కదా, అందుకని. చైను అంతా ఒకేలా సాగదు కూడా. ఒక చోట వదులుగా ఉంటే ఇంకో చోట బిగువుగా ఉంటుంది. ఎక్కువ బిగువున్న చోటు వెతికి పట్టుకుని, అక్కడ వేలితో ఆడిస్తే అంగుళం దాకా ఆడేట్టు పెట్టాలి. పెట్టాక రెండు వైపులా నట్లు సమానంగా తిప్పకపోతే చక్రం వంకరపోతుంది. వెనక బ్రేకు కూడా మళ్ళీ సరిచూసుకోవాలి. ఇవన్నీ ఆయన నాకు పాఠం చెప్పినట్టే చెప్పారు.

చప్పుళ్ళు కూడా నేర్పించారు. యాక్సిలరేటరు వదిలినప్పుడు కవరుకి తగిలి టపటపా కొట్టుకుంటే వదులైందని. చక్రం తిరిగినప్పుడల్లా ఒకే చోట టక్కుమంటే అక్కడ లింకు పట్టేసిందని. కిర్రుమంటే ఆయిలు లేదని. వేగం పెరిగేకొద్దీ సన్నగా, గొంతు పట్టుకున్నట్టు కూస్తే అతిగా బిగించారని. "వదులు చైను గోల చేస్తుంది కానీ బతికిస్తుంది. బిగువు చైను కూస్తూ కూస్తూ తెగుద్ది, తెగేటప్పుడు బేరింగుల్ని కూడా తీసుకుపోద్ది" అన్నారు. నేను బుద్ధిమంతురాలైన విద్యార్థినిలా అన్నీ గుర్తుపెట్టుకున్నాను.

ఆ కూత నేను మొదటిసారి విన్నది ఒక వానాకాలంలో. స్కూలు దగ్గర ఎక్కాను, కాలవ గట్టు ఎక్కేసరికి నా కాళ్ళ దగ్గర సన్నగా మొదలైంది.

"ఏవండీ, చైను చప్పుడు చేస్తోంది."

"నువ్వెక్కావు కదా, ఆమాత్రం మూలుగుతుందిలే."

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళినాటి కంటే కాస్త ఒళ్ళు చేశానన్నది నిజమే. అయినా ఆ హాస్యం వేళ కాని వేళ నాకు నచ్చదు. మర్నాడు కూడా అదే కూత. చప్పుడొస్తోందని మళ్ళీ చెప్పాను. ఈసారి ఆయన బండి ఆపి, దిగి, చైను కేసి చూసి, "లూజైనట్టుంది" అని ఇంటికెళ్ళాక స్టాండు మీదే నట్లు తిప్పి బిగించారు. నన్ను ఎక్కమనలేదు. నా మీద అలిగారేమో అనుకున్నాను. మర్నాటికి కూత ఇంకా పెరిగింది. చెప్పాను. ఇంకా బిగించారు. కూతంటే బిగువని నేర్పిన మనిషికి ఆ సంగతి నేను చెప్పాలా అని ఊరుకున్నాను.

కొన్నాళ్ళకి ఆ కూత ఊరందరికీ తెలిసిపోయింది. కాలవ రేవులో బట్టలుతికేవాళ్ళు తలెత్తి చూసేవారు. మా హెడ్మాస్టరుగారు స్టాఫ్ రూములో, "టీచరుగారూ, సంచి సర్దుకోండి, మీవారు గట్టెక్కినట్టున్నారు" అంటే అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. బండి శుభ్రం గురించి పదిమందికి చెప్పే మనిషి తన బండి ఇంత గోల పెడుతుంటే పట్టించుకోకపోవడం ఏమిటి? నా మాటంటే లెక్కలేకనే అని తీర్మానించుకున్నాను. ఇంట్లో ముభావంగా ఉండడం మొదలుపెట్టాను.

ఇంట్లో ఇంకో గొడవ కూడా ఉండేది. పప్పు కుక్కరు పొయ్యి మీద పెట్టి, "విజిలొస్తే కట్టేయండి" అని పెరట్లోకి వెళ్ళేదాన్ని. తిరిగొచ్చేసరికి పప్పు మాడు వాసన. ఆయన పక్క గదిలో పేపరు చదువుకుంటూ ఉండేవారు. అడిగితే, "విజిలు రాలేదే" అనేవారు. నేను ఆయన బద్ధకాన్నీ, వాళ్ళ వంశం మొత్తం బద్ధకాన్నీ కడిగిపారేసేదాన్ని. ఆయన ఎదురు చెప్పేవారు కాదు. అదే నాకు ఇంకా మంట.

అలా ఉండగా ఒక సాయంత్రం బండి మీద ఇంటికొస్తున్నాం. మలుపు దగ్గర కాలవ లాకుల వంతెన ఎత్తారని గట్టు మీద ఎడ్లబళ్ళు నిలిచిపోయాయి. ఆయన ఇంజను కట్టేశారు. పొద్దు వాలింది. కాలవకి అవతల తుమ్మ చెట్లు, ఇవతల వరిచేలు. ఆయన చుట్టూ చూసి తీరుబడిగా అన్నారు.

"ఈ ఏడు కీచురాళ్ళు ఒక్కటీ లేవు చూశావా? వీళ్ళు కొట్టే మందులకి అవి కూడా పోయాయి."

నేను ఉలిక్కిపడి చుట్టూ చూశాను. గట్టుకి రెండు పక్కలా కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా మోగిపోతున్నాయి. మా ముందు బండి తోలే ఆయన పక్కవాడితో ఆ మోతకి గొంతు పెంచి మాట్లాడుతున్నాడు. మా ఆయన మాత్రం ప్రశాంతంగా, మందులు కొట్టిన రైతుల మీద జాలిపడుతూ కూర్చున్నారు.

కుక్కరు, చైను, కీచురాయి. ఒక్కసారిగా మూడూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఆయనకి సన్నటి చప్పుళ్ళు వినపడటం లేదు. నా మాట వినపడుతోంది, ఇంజను వినపడుతోంది, వదులు చైను టపటపలు వినపడతాయి. బిగువు చైను కూత వినపడదు. నేను చప్పుడొస్తోందంటే ఆయన చెవికి తెలిసింది వదులు చైను చప్పుడొక్కటే. అందుకని బిగిస్తున్నారు. ఎంత బిగిస్తే ఆయనకి అంత నిశ్శబ్దంగా ఉంది. కోపం ఎక్కడికి పోయిందో తెలియదు, దాని చోట భయం వచ్చి కూర్చుంది. మిల్లులో బేరింగు కూసేది కూడా సన్నగానే కదా. ఆ కూత వినలేని మనిషిని డ్రైవరుగా ఎవరుంచుకుంటారు? ఉంచుకున్నా, ఏ రోజు ఏం జరుగుతుంది?

చెప్పాలనుకుంటూనే వారమంతా గడిపేశాను. ఒక మనిషితో మీకు చెవుడొస్తోందని ఎలా చెప్పాలి? అదీ చెవితో పేరు తెచ్చుకున్న మనిషితో. ఈలోగా చైనే చెప్పేసింది.

ఆదివారం చర్చి నుంచి వస్తున్నాం. గట్టు మీద కాస్త వేగం అందుకోగానే కూత తారస్థాయికి వెళ్ళి, ఫెళ్ళుమని తెగింది. తెగిన చైను కవరులో చుట్టుకుపోయి వెనక చక్రం పట్టేసింది. బండి పక్కకి ఈడ్చుకుపోయి గడ్డిలో పడింది. నా మోచెయ్యి గీరుకుపోయింది, ఆయన మోకాలు కొట్టుకుంది. రెండు బారలు అవతల పడుంటే కాలవలోనే ఉండేవాళ్ళం. ఆయన లేచి ముందు నా దగ్గరికి రాలేదు. బండి దగ్గరికీ పోలేదు. రోడ్డు మీద నిలబడి, ఏం జరిగిందో అర్థం కానట్టు చేతులు చూసుకుంటున్నారు.

ఎడ్లబండి మీద బండినేసి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. అతనికి మా ఆయనంటే గౌరవం, అనుమానం వస్తే ఈయన్నే అడిగేవాడు. ఆ వేళకి అక్కడ మిల్లు గుమస్తా తన మోపెడ్ బాగు చేయించుకుంటూ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఓనరుగారి చెవిలో పడాల్సినవీ పడకూడనివీ అన్నీ అతని నోట్లోంచే వెళ్ళేవి. మెకానిక్ కవరు విప్పాడు. ముందు పళ్ళచక్రం పళ్ళు వంకర తిరిగి కొడవళ్ళలా ఉన్నాయి. అక్కడి బేరింగు పట్టుకుని ఆడిస్తే గలగలలాడింది.

"ఇదేంటండి బాబూ, మీ చేతి బండికి ఇలా అవడం. వీణతీగ బిగించినట్టు బిగించేశారు. ఇంత టైటు చైను ఊరంతా వినపడుద్ది కదండీ. మీకు వినపడలేదా?"

గుమస్తా పళ్ళు కుట్టుకుంటున్నవాడల్లా ఆపి తలెత్తాడు. మా ఆయన ఆ చక్రం వైపే చూస్తున్నారు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

"నేనే బిగించమన్నానండీ" అన్నాను. "వదులుగా ఉంది, వదులుగా ఉంది అని రోజూ నేనే నస పెట్టాను. నా పోరు పడలేక బిగించారు."

అంతే. మెకానిక్ నవ్వేశాడు. గుమస్తా ఇంకా పెద్దగా నవ్వాడు. "ఆయ్, ఆడోళ్ళ మాట వింటే చైన్లే కాదండి, అన్నీ తెగుతాయి" అన్నాడు. ఆ అబద్ధం నమ్మడానికి వాళ్ళకి క్షణం కూడా పట్టలేదు. ఇంకో సమయంలో అయితే నేను అతని దుంప తెంపేదాన్ని. ఆ రోజు తల వంచుకుని మోచెయ్యి తుడుచుకుంటూ నిలబడ్డాను. మా ఆయన మాత్రం నవ్వలేదు. నా వైపు చూశారు. నాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలిసిపోయింది.

ఇంటికొచ్చాం. నేను మోకాలికి పసుపు రాయబోతే చెయ్యి తోసేశారు.

"నిన్నెవరు చెప్పమన్నారు అబద్ధం?"

"ఎవరూ చెప్పమనలేదు. నిజం చెప్పమంటారా, గుమస్తా ముందు?"

"ఏంటి నిజం?"

"మీకు కుక్కరు వినపడదు. చైను వినపడదు. కీచురాళ్ళు పోలేదు, గట్టంతా ఉన్నాయి." నా గొంతు నాకు తెలియకుండానే పెరిగిపోయింది.

"అరవకు. నాకు వినపడుతోంది."

ఆ మాట అన్నాక ఆయన కూలబడిపోయారు. తర్వాత నెమ్మదిగా బయటికొచ్చింది. కిందటి సంక్రాంతికి ముందు నుంచే అనుమానంగా ఉందట. మిల్లులో ఇప్పుడు ప్రతి బేరింగు మీదా అరచెయ్యి పెట్టి వేడి చూసుకుంటూ తిరుగుతున్నారట. ఒక చివరి నుంచి ఇంకో చివరికి వచ్చేలోగా ఏది కాలుతుందోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని తిరుగుతున్నారట. అరచేతులు చూపించారు. వేళ్ళ మొదట్లో కాలిన మచ్చలున్నాయి. అవి నేను చూశాను కానీ మిల్లు పని కదా అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయనకి ఇంకా భారమని పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

తర్వాతి వారం రైలెక్కి రాజమండ్రి వెళ్ళాం. చెవుల డాక్టరు ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తొడిగి, చప్పుడు వినపడితే బొత్తాం నొక్కమన్నారు. నేను అద్దంలోంచి చూస్తున్నాను. మొదట్లో టకటకా నొక్కారు. పోనుపోను బొత్తాం మీద వేలు కదలడం మానేసింది. జవాబు తెలియని పిల్లాడు టీచరు మొహంలోకి చూసినట్టు ఆయన డాక్టరు మొహంలోకి ఆశగా చూస్తున్నారు. పోయింది తిరిగి రాదనీ, ఉన్నది నిలవాలంటే ఆ మోతలోంచి బయటికి రావాలనీ డాక్టరు చెప్పారు. తిరుగు రైల్లో గోదావరి దాటుతుంటే వంతెన మోత గురించి ఆయన ఏదో అన్నారు. ఏమన్నారో నాకే వినపడలేదు.

బండి బాగై వచ్చింది. కొత్త చైను, కొత్త పళ్ళచక్రాలు. కొత్త చైను మొదట్లో తొందరగా సాగుతుంది కాబట్టి వారం తిరక్కుండానే చూసుకోవాలి. ఒక సాయంత్రం మిల్లు నుంచి త్వరగా వచ్చి, బండిని అరుగుకి ఆనించి, చాలా రోజుల తర్వాత నన్ను పిలిచారు.

"ఎక్కు."

ఎక్కాను. రబ్బరు మూత తీసి వేలు పెట్టి ఆడించారు. దిగాను, బండి జరిపారు, మళ్ళీ ఎక్కాను. బిగువు చోటు దొరికింది. అక్కడ అంగుళం ఆడేట్టు పెట్టి, రెండు వైపులా నట్లు సరిచూసి బిగించారు. చెయ్యి తుడుచుకుని, "ఓనరుగారి ఇంటికి వెళ్దాం పద. నువ్వూ రా. ఆయన మెల్లగా మాట్లాడతారు, నాకు అందదు" అన్నారు.

ఎందుకని అడగలేదు. చీర మార్చుకుని ఎక్కాను. వీధి చివర వేగం అందుకున్నాక మెడ కాస్త వెనక్కి తిప్పి, "ఏమంటోంది?" అన్నారు.

"ఏమీ అనడం లేదండి" అన్నాను. నిజంగానే ఏమీ అనడం లేదు.

ఓనరుగారు వసారాలో వాలుకుర్చీలో ఉన్నారు. మా ఆయన కూర్చోమన్నా కూర్చోలేదు. "బేరింగు కూత నాకు అందడం లేదండి. రేపేదైనా జరిగితే మిల్లుకీ ముప్పు, లోపలున్నవాళ్ళకీ ముప్పు. చెప్పడం మంచిదని వచ్చాను" అన్నారు. మాట వణకలేదు. ఓనరుగారు విని కుర్చీలో ముందుకి జరిగారు. తర్వాత నా వైపు తిరిగారు.

"మీరే చైను బిగించమన్నారని విన్నానమ్మా."

"ఆయన చెప్పిందే నిజమండి" అన్నాను.

ఓనరుగారు ఏదో గొణిగినట్టుగా అన్నారు. మా ఆయన నా మొహం కేసి చూశారు. ఆ మాట చెప్పాల్సింది నేనే. "రేపటి నుంచి గోడౌన్ చూసుకోమంటున్నారండి. మిల్లు లోపలికి వెళ్ళొద్దంటున్నారు" అన్నాను. మా ఆయన తలూపి, జేబులోంచి మిల్లు స్విచ్‌బోర్డు గది తాళంచెవి తీసి, కుర్చీ పక్కనున్న బల్ల మీద పెట్టారు. ఇన్నేళ్ళూ అది ఆదివారం చర్చికి వెళ్ళినా జేబులోనే ఉండేది.

వచ్చేటప్పుడు గట్టు మీద ఎవరూ లేరు. మలుపు దగ్గర ఆయన బండి ఆపి, ఇంజను కట్టేశారు. నేను దిగబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపారు. ఇద్దరం అలాగే కూర్చున్నాం.

"కీచురాళ్ళు ఉన్నాయా?" అన్నారు.

"ఉన్నాయండి."

"బాగా?"

"బాగా."

ఆయన తుమ్మ చెట్ల వైపు కాసేపు చూశారు. "అయితే మందులకి పోలేదన్నమాట" అని, కిక్కు కొట్టారు.